చప్పుడు తగ్గాలి, పికప్ పెరగాలి: ఐదు నెలల కారు వెతుకులాట

కారు మార్చాలన్న మాట మా ఇంట్లో నాన్న వల్ల వచ్చింది. ఆయనకు రెండు చెవులకీ మిషన్లు. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లేటప్పుడు చౌటుప్పల్ దాటగానే రెండూ తీసి చొక్కా జేబులో వేసుకునేవారు. "మాటలు వినపడట్లేదురా, హోరు ఒక్కటే వినపడుతోంది" అనేవారు. అక్కడి నుంచి విజయవాడ దాకా ఆయనతో ఎవరమూ మాట్లాడలేకపోయేవాళ్లం.

పాత బండి 2013 వ్యాగన్‌ఆర్. 998 సీసీ, మూడు సిలిండర్లు, 68 పీఎస్ పవర్, 90 ఎన్‌ఎమ్ టార్క్ (లాగే బలం). లక్షా 18 వేల కిలోమీటర్లు తిరిగింది, ఏనాడూ దారిలో ఆపలేదు. ఐదుగురం, ఏసీ, డిక్కీ నిండా సామాను అంటే దాని ఒంటికి మించిన పని. లారీని దాటాలంటే మూడో గేరుకు దిగాలి, ఇంజిన్‌ను అరిపించాలి.

కొత్తది కొనేముందు పాతదాన్నే బాగుచేసి చూశాం. 2025 జూన్‌లో ఇంజిన్ మౌంటింగులు (ఇంజిన్ వణుకును ఆపే రబ్బరు దిమ్మెలు) మూడూ మార్పించాం, నాలుగు తలుపులకూ కొత్త రబ్బరు బీడింగ్ వేయించాం. లేబర్‌తో కలిపి 11,200 అయింది. ముందూ తర్వాతా ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్ పెట్టి కొలిచాను. వెనక సీటు మధ్యలో, చెవి ఎత్తున ఫోన్ పట్టుకుని, అద్దాలు మూసి, ఏసీ ఫ్యాన్ రెండులో ఉంచి, ప్రతిసారీ 30 సెకన్ల సగటు తీసుకున్నాను. ఫోన్ చూపే అంకె అసలు విలువకు అటూఇటూ ఉండొచ్చు. కానీ ఒకే ఫోన్, ఒకే చోటు, ఒకే రోడ్డు అయితే రెండు బండ్ల మధ్య తేడాను నమ్మొచ్చు.

మౌంటింగులు మార్చాక ఆగి ఉన్నప్పుడు చప్పుడు 56 డెసిబెల్స్ నుంచి 50కి పడిపోయింది. స్టీరింగ్ వణుకు పోయింది. 80 స్పీడులో 74 కాస్తా 72 అయింది. కానీ 60 నుంచి 100కి లాగేటప్పుడు ముందూ 82, తర్వాతా 82. చిన్న ఇంజిన్ బరువు లాగాలంటే ఎక్కువ తిరగాలి, ఎక్కువ తిరిగితే అరుస్తుంది. దానికి బీడింగు ఏం చేస్తుంది? తలుపులకు డాంపింగ్ షీట్లు వేయిస్తే తగ్గుతుందని ఒకరు 32 వేలకు కొటేషన్ ఇచ్చారు. అదీ టైర్ల హోరునే ఆపుతుంది తప్ప ఇంజిన్ అరుపును కాదు. వద్దనుకున్నాను.

అక్కడే నాకు లెక్క మారింది. చప్పుడు ఒక ప్రశ్న, పికప్ ఇంకో ప్రశ్న అనుకుంటూ వచ్చాను. ఫ్యామిలీ కారులో రెండూ ఒకటే. ఐదుగురితో లారీని దాటేటప్పుడు ఇంజిన్ ఎంత తిరగాల్సి వస్తోందన్నదే అసలు సంగతి. అందుకే బ్రోచర్‌లో పీఎస్ కన్నా, టార్క్ ఏ ఆర్‌పీఎమ్ (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గర వస్తుందో చూడాలి. హ్యుందాయ్ క్రెటాలో మామూలు 1.5 పెట్రోల్ ఇంజిన్‌కు 115 పీఎస్, 144 ఎన్‌ఎమ్. ఆ టార్క్ మొత్తం 4,500 ఆర్‌పీఎమ్ దగ్గర గానీ రాదు. అదే కారులో 1.5 టర్బోకు (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి ఎక్కించే రకం) 160 పీఎస్, 253 ఎన్‌ఎమ్. అది 1,500 నుంచి 3,500 దాకా ఒకే తీరుగా ఉంటుంది. స్కోడా, ఫోక్స్‌వ్యాగన్ 1.5 టర్బోలోనూ 150 పీఎస్, 250 ఎన్‌ఎమ్, దాదాపు అదే తీరు. అంటే టర్బో బండి అరవకుండానే లాగేస్తుంది.

జూలైలో ఆషాఢం. షోరూముల్లో జనం లేరు, టెస్ట్ డ్రైవ్‌కు తీరిగ్గా బండి ఇస్తారు, కాబట్టి కొనకపోయినా చూడటానికి మంచి నెల. మామూలుగా షోరూమ్ చుట్టూ మూడు కిలోమీటర్లు తిప్పి తెచ్చేస్తారు. ఆ మూడు కిలోమీటర్లలో ప్రతి కొత్త కారూ నిశ్శబ్దంగానే ఉంటుంది. నేను ఒకటే అడిగాను: "ఐదుగురం వస్తాం, ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్) మీదికి తీసుకెళ్లాలి, టోల్ మేమే కడతాం." నాలుగు షోరూముల్లో రెండు ఒప్పుకున్నాయి, ఒకటి ఆదివారం కుదరదు మంగళవారం రమ్మంది, ఒకటి కుదరదంది. వాళ్ల బండిని లిస్టులోంచి తీసేశాం.

నార్సింగి దగ్గర ఎక్కి శంషాబాద్ దాకా వెళ్లి రావడం, అన్ని బండ్లకూ ఇదే దారి. ఎక్కేముందు టైర్లలో గాలి కొలవండి, మరిచిపోవద్దు. యార్డుల్లో నెలల తరబడి నిలిపే బండ్లకు ఎక్కువ గాలి కొట్టి ఉంచుతారు. మేం చూసిన ఒక డెమో కారులో 42 పీఎస్ఐ ఉంది. డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్‌లో రాసినదానికి తగ్గించాక అదే రోడ్డు మీద 2 డెసిబెల్స్ తగ్గింది, గతుకుల దెబ్బ కూడా తగ్గింది. చూడకపోతే ఆ కారును అన్యాయంగా పక్కన పెట్టేవాళ్లం.

ఇంకో చిన్న పరీక్ష కాగితంతో. ఏ4 కాగితాన్ని నాలుగు అంగుళాల పట్టీలుగా చింపి, తలుపు సందులో పెట్టి తలుపు మూసి లాగాలి. బిగుతుగా, గట్టిగా లాగితేనే వస్తే బీడింగ్ సరిగ్గా కూర్చున్నట్టు. జారిపోతే 100 దాటాక ఆ మూల నుంచి ఈల వినిపిస్తుంది. ఒక్కో తలుపుకు పైన, వెనక, కింద మూడు చోట్ల చూడాలి. ఒక డెమో బండిలో కుడివైపు వెనక తలుపు పైమూల కాగితం ఊడి చేతికొచ్చింది. ఓఆర్‌ఆర్ మీద సరిగ్గా ఆ మూల నుంచే గాలి కూసింది.

మూడు రకాల బండ్లు కొలిచాం. ఒక లీటరు టర్బోలను మొదటే వదిలేశాం. 115 పీఎస్, 178 ఎన్‌ఎమ్ బాగానే ఉన్నా మళ్లీ మూడు సిలిండర్లే. నాన్న వెనక సీట్లో కూర్చోగానే ఆ వణుకు గుర్తుపట్టేశారు.

1.5 టర్బో పెట్రోల్, డీసీటీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్) గేర్‌బాక్సుతో: ఆగి ఉన్నప్పుడు 44 డెసిబెల్స్, 80లో 67, 100లో 70. ఐదుగురితో 60 నుంచి 100కి 6 సెకన్లు, ఆ సమయంలో అత్యధికం 73. పాత బండి 82తో పోలిస్తే ఇది చాలా పెద్ద మార్పు. 3 డెసిబెల్స్ పెరిగితే శబ్ద శక్తి రెట్టింపు అయినట్టు, 10 పెరిగితే చెవికి రెట్టింపు గోల అనిపిస్తుంది. ఇబ్బంది అంతా ట్రాఫిక్‌లోనే. మెహిదీపట్నం దగ్గర సాయంత్రం ఆరింటికి అడుగడుక్కీ ఆగి కదిలేటప్పుడు డ్రై క్లచ్ డీసీటీ కొద్దిగా జర్కు ఇస్తుంది. బ్రేకు మీంచి కాలు సగం తీసి పాకించడం దాని క్లచ్‌కు మంచిది కాదు. ముందు బండికి సందు వదిలి, ఒక్కసారిగా కదలాలి. మన నగరంలో ఆ సందులోకి ఆటో వచ్చేస్తుంది.

స్ట్రాంగ్ హైబ్రిడ్ (పెట్రోల్ ఇంజిన్‌తో పాటు కరెంటు మోటారూ నడిపే బండి): ట్రాఫిక్‌లో ఇదే హాయి. మోటారుతో నడుస్తున్నంతసేపూ 39 డెసిబెల్సే. కానీ 60 నుంచి 100కి గట్టిగా తొక్కగానే ఇంజిన్ ఒకే శ్రుతిలో అరుస్తుంది, స్పీడు మెల్లగా పెరుగుతుంది. 9 సెకన్లు, 77 డెసిబెల్స్. మేం బాధపడేది సరిగ్గా ఆ క్షణానికే. ఊళ్లోనే ఎక్కువ తిరిగేవాళ్లకు మాత్రం ఇది మంచి ఎంపిక, మైలేజీ కూడా వస్తుంది. డిక్కీ కొలత మాత్రం చూసుకోండి. హోండా సిటీ పెట్రోల్‌లో 506 లీటర్లు, అదే కారు హైబ్రిడ్‌లో బ్యాటరీ వల్ల 306 లీటర్లే.

డీజిల్ కూడా అనుకున్నాం, టార్క్‌కు లోటుండదు. మా వాడకంలో రోజూ స్కూలుకు నాలుగు కిలోమీటర్లు, నెలకొకసారి హైవే. అంత చిన్న దూరాలకు డీజిల్ ఇంజిన్‌లో మసి పట్టే ఫిల్టర్ తనను తాను కాల్చుకుని శుభ్రం చేసుకునేంత వేడెక్కదు, మూసుకుపోతుంది. అందుకే వదిలేశాం.

చివరికి ఎలక్ట్రిక్. ఆగస్టు మొదటి వారంలో క్రెటా ఎలక్ట్రిక్, 51.4 యూనిట్ల బ్యాటరీది, 171 పీఎస్, 255 ఎన్‌ఎమ్. ఆగి ఉన్నప్పుడు 38, అది ఏసీ ఫ్యాన్ చప్పుడే. కానీ 80లో 66, 100లో 69. అంటే స్థిరంగా వెళ్లేటప్పుడు టర్బో పెట్రోల్‌కన్నా ఒక్క డెసిబెల్ మాత్రమే తక్కువ! ఎలక్ట్రిక్ అంటే పూర్తి నిశ్శబ్దమని వెళ్లిన నాకు మొదట నిరాశే. 60 దాటాక వినపడేది టైరూ గాలీ. ఇంజిన్ లేకపోతే అవే ఇంకా స్పష్టంగా వినిపిస్తాయి. అయితే 60 నుంచి 100కి 5 సెకన్లలో వెళ్లింది, అప్పుడు కూడా 70 దాటలేదు. లాగేటప్పటికీ మామూలుగా వెళ్లేటప్పటికీ చెవికి తేడానే లేదు. ఓఆర్‌ఆర్ దిగేదాకా నాన్న చెవి మిషన్లు చెవుల్లోనే ఉన్నాయి. నేను అంకెలు రాసుకుంటుంటే ఆయన మా చిన్నదాన్ని లెక్కలు అడుగుతున్నారు.

ఒక జాగ్రత్త. ఇంకో కంపెనీ ఎలక్ట్రిక్ టెస్ట్ డ్రైవ్‌లో యాక్సిలరేటర్ మీంచి కాలు తీయగానే బ్రేకు పడే రీజెన్‌ను సేల్స్ కుర్రాడు గరిష్ఠంలో పెట్టి నడిపించాడు. పది నిమిషాల్లో వెనక కూర్చున్న పిల్లకు వాంతి. తప్పు బండిది కాదు, సెట్టింగుది. వెనక మనుషులుంటే రీజెన్ సున్నాలోనో ఒకటిలోనో పెట్టి నడపాలి. ఒక్కరే ఉన్నప్పుడు, ఘాట్ దిగేటప్పుడు పెంచుకోవచ్చు.

ఈలోగా ఆగస్టు 15న జీఎస్టీ మారుతుందని ప్రకటన వచ్చింది, అందరూ ఆగిపోయారు. సెప్టెంబర్ 22 నుంచి నాలుగు మీటర్లు దాటిన 1.5 లీటర్ పెట్రోల్ కార్లకు సెస్సుతో కలిపి 45 శాతం ఉన్నది 40 అయింది. ఎలక్ట్రిక్‌కు ముందూ 5 శాతమే, ఇప్పుడూ 5 శాతమే. ధర తగ్గాక పెట్రోల్ వైపు తిరిగి మళ్లీ లెక్క వేశాం. మేం చూసిన టర్బో 18 లక్షల 90 వేలు. తెలంగాణలో దానికి లైఫ్ ట్యాక్స్ మూడు లక్షలకు పైనే. ఇన్సూరెన్సు కలిపితే 22 లక్షల 80 వేలు దాటుతోంది. క్రెటా ఎలక్ట్రిక్ 21 లక్షల 50 వేలు. తెలంగాణలో 2026 డిసెంబర్ 31 దాకా ఎలక్ట్రిక్ బండ్లకు లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు లేవు. రెండున్నర లక్షలు ఎక్కువ అనుకున్న బండి ఆన్‌రోడ్‌లో తక్కువకు వచ్చింది. షోరూమ్ ధరలు మాత్రమే పోల్చేవాళ్లు ఇక్కడే పొరపడతారు.

దసరా వెళ్లాక అక్టోబర్ 4న 25 వేలు కట్టి బుక్ చేశాం. కొటేషన్‌ను వరసవరసగా చదవండి. మాదాంట్లో "లాజిస్టిక్స్" పేరుతో 9,800, "ఎసెన్షియల్ కిట్" పేరుతో 24,000 ఉన్నాయి. మొదటిది దేనికని రాతపూర్వకంగా అడిగాను, మర్నాడు తీసేశారు. కిట్‌లో మ్యాట్లు, మడ్ ఫ్లాపులు మాత్రం 6,500కి ఉంచుకున్నాం. ఎలక్ట్రిక్ కారు లోను వడ్డీకి 80ఈఈబీ కింద పన్ను మినహాయింపు వస్తుందని కూడా చెప్పారు. అది 2023 మార్చి 31లోపు మంజూరైన లోన్లకే. దాన్ని లెక్కలో వేసుకోకండి.

పాత కారు ముందే అమ్మడం మంచిది. ఎక్స్‌ఛేంజిలో బోనస్ కలిపి లక్షా 65 వేలు అన్నారు, బయట లక్షా 82 వేలకు అక్టోబర్ 29న ఇచ్చేశాం. ఫారం 29, 30 మీద సంతకాలు, కొన్నవాళ్ల ఆధార్ కాపీ, తేదీ సమయం రాసిన డెలివరీ నోటు తీసుకున్నాం. అద్దం మీది ఫాస్టాగ్ గీకేసి ఖాతా మూయించాం. లేకపోతే వాళ్ల టోల్ మన జేబులోంచి పోతుంది. అమ్మిన కాగితం చూపిస్తే పాత ఇన్సూరెన్స్ కంపెనీ నో క్లెయిమ్ బోనస్ లెటర్ ఇస్తుంది. మాకు నాలుగు రోజులు పట్టింది. క్లెయిములు లేకుండా ఐదేళ్లు దాటాయి కాబట్టి 50 శాతం, కొత్త కారు ఓన్ డ్యామేజ్ (సొంత బండి నష్టానికి కట్టే) ప్రీమియంలో తగ్గించారు. షోరూమ్ మొదట చెప్పిన 92,400 చివరికి 73,500 అయింది. ఆ లెటర్ గురించి షోరూమ్ తనంతట తాను చెప్పలేదు. కొత్త కారు పాలసీ తీసుకునే రోజుకు అది చేతిలో ఉండాలి, అందుకే పాతది ముందు అమ్మమనడం. పది రోజులు ఆటోల్లో తిరిగాం, అంతే.

మూడు వారాలన్న బండి ధనత్రయోదశి రద్దీలో ఆలస్యమై 35 రోజులకు, నవంబర్ 8న వచ్చింది. డబ్బంతా కట్టేముందు యార్డులోనే చూశాం. టైరు పక్కన నాలుగంకెల కోడ్‌లో మొదటి రెండూ అది తయారైన వారం, తర్వాతి రెండూ సంవత్సరం. నాలుగు టైర్లూ, స్టెప్నీ ఉంటే అదీ చూసుకోవాలి. కాగితం పరీక్ష మళ్లీ చేశాం, అన్నిచోట్లా బిగుతుగానే ఉంది. ఇన్వాయిస్ మీద 1 శాతం టీసీఎస్ (అమ్మేవాళ్లే ముందుగా వసూలు చేసే ఆదాయపు పన్ను), 21,500 పడింది. పది లక్షలు దాటిన ప్రతి కారుకూ ఉంటుంది, రిటర్న్ వేసినప్పుడు సర్దుబాటు చేసుకోవచ్చు. రిటర్న్ వేసే మనిషి పాన్ నెంబరే ఇన్వాయిస్ మీద ఉండాలి. అన్నీ కలిపి 22 లక్షల 48 వేలు, మ్యాట్ల డబ్బు విడిగా. పర్మనెంట్ రిజిస్ట్రేషన్ స్లాట్ నవంబర్ 21న దొరికింది, ఆఫీసులో గంటా పావు పట్టింది.

అసలు కష్టం కారుతో కాదు, ఛార్జింగ్ పాయింట్‌తో. బుకింగ్ రోజే అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కు ఉత్తరం ఇచ్చాం, ఒప్పుకోవడానికి 19 రోజులు. మా ఫ్లాట్ మీటరు నుంచే వైరు లాగుతామని, కామన్ బిల్లుకు సంబంధం లేదని గీసి చూపించాకే సరేనన్నారు. 11 కిలోవాట్ల వాల్ ఛార్జర్ విడిగా 73 వేలు, దానికి త్రీ ఫేజ్ కావాలి. మాది సింగిల్ ఫేజ్. రోజుకు 30 కిలోమీటర్లు తిరిగేవాళ్లకు అది అక్కర్లేదని లెక్క వేసుకున్నాం. 16 ఆంపియర్ల సాకెట్ మీద గంటకు సుమారు 3 యూనిట్లు. రాత్రి పది గంటలు పెడితే 170 కిలోమీటర్లకు సరిపడా ఎక్కుతుంది.

మీటరు బోర్డు నుంచి సెల్లార్ పార్కింగ్‌కు 35 మీటర్లు. నాలుగు ఎంఎం వైరు సరిపోతుంది గానీ రేపు పెద్ద ఛార్జర్ పెట్టుకోవచ్చని ఆరు ఎంఎం రాగి వైరు వేయించాం. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీబీఓ (కరెంటు లీకైతే లైను ఆపేసే స్విచ్చు), ఇండస్ట్రియల్ సాకెట్, పైపు, కూలీ కలిపి 18,400. మామూలు ఇంటి ప్లగ్ పాయింట్ మీద రాత్రంతా పెట్టొద్దు. ఏసీలా ఆగి ఆగి కాదు, ఇది గంటల తరబడి పూర్తి కరెంటు లాగుతుంది, సాకెట్ కరుగుతుంది.

మొదటి రాత్రి ఛార్జర్ ఎర్ర లైటు వేసి ఆగిపోయింది. ఎలక్ట్రీషియన్ వచ్చి న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య మీటరు పెడితే 18 వోల్టులు. బిల్డింగ్ ఎర్తింగ్ గొయ్యి పదేళ్లుగా ఎండిపోయి ఉంది. అదే లైను మీద ఫ్రిజ్, గీజర్ ఇన్నాళ్లూ నడిచాయి, ఎవరికీ తెలియలేదు. కారు ఛార్జర్ మాత్రం ఎర్త్ సరిగ్గా లేకపోతే మొదలే పెట్టదు. కొత్త గొయ్యి తవ్వి రాడ్ దింపి 4,600 ఇచ్చాం, 2 వోల్టులకు తగ్గింది. కారు రాకముందే ఈ కొలత తీయించుకోండి, వారం కలిసొస్తుంది.

కరెంటు బిల్లు సంగతి. ఇంటి వాడకం 230 యూనిట్లు ఉండేది, కారుతో 410 అయింది. 300 దాటాక యూనిట్ 9 రూపాయల స్లాబు, 400 దాటాక 9.50. పెరిగినది సుమారు 1,500. ఆ 180 యూనిట్లతో 1,200 కిలోమీటర్లు తిరిగాం. పాత బండిలో అదే దూరానికి లీటరు 107 రూపాయల పెట్రోల్ 80 లీటర్లు పోసేవాళ్లం.

నవంబర్ 29న విజయవాడ వెళ్లాం, 275 కిలోమీటర్లు. నూరు శాతంతో తెల్లవారుజామున ఐదున్నరకు బయల్దేరి 90 దాటకుండా వెళ్తే సూర్యాపేటకు 54 శాతం మిగిలింది. అక్కడ మొదటి ఛార్జర్ పనిచేయలేదు, రెండోదానికి వెళ్లాం. దారిలో కనీసం రెండు చోట్లు ముందే చూసిపెట్టుకోవాలి, రెండింటి యాప్‌లోనూ డబ్బు వేసి ఉంచాలి. ఇడ్లీలు తినేలోపు 25 నిమిషాల్లో 18 యూనిట్లు ఎక్కాయి, 407 రూపాయలు. ఆగకుండా కూడా చేరేవాళ్లమే, కానీ 16 శాతంతో ఊళ్లోకి దిగడం నాకిష్టం లేదు.

ఆ దారిలో మిగిలిన చప్పుడు ఒక్కటే, టైర్ల హోరు. కోదాడ ముందు సిమెంటు రోడ్డు ముక్క మీద 69 కాస్తా 73 అయింది, తారు రాగానే దిగిపోయింది. సైజు 215/60 ఆర్17. కంపెనీ టైర్లు అరిగాక నిశ్శబ్దంగా ఉండే రకం వేయించాలి. దానికి ఇంకా మూడేళ్లుంది. డిక్కీలో టూల్ బ్యాగు టకటకలాడుతుంటే పాత దుప్పటి ఒకటి చుట్టి పెట్టాం.